కెరటం విరగని చోట

సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే దాటేదాకా ఆగేవాళ్ళం... మా చిన్నప్పుడు న్యూజెర్సీలో సముద్రం ఒడ్డు ఊళ్ళకి వెళ్ళాలంటే అదే మా పద్ధతి. అప్పటికి లైఫ్‌గార్డులు వెళ్ళిపోయేవారు, ఒడ్డు ఖాళీ అయ్యేది.

మేం వెళ్ళే ఊరు ఒకప్పుడు గొప్పగా బతికిందట. రైళ్ళ కాలంలో నగరం నుంచి డబ్బున్నవాళ్ళు ఉప్పుగాలి కోసం వచ్చి వేసవంతా ఉండేవారట. కార్లు, విమానాలు వచ్చాక జనం వేరే చోట్లకి మళ్ళారు. నేను చూసేనాటికి పెద్ద చెక్క హోటల్ ఒకటి మిగిలింది... దాని కిటికీలకి పలకలు కొట్టేశారు. ఒడ్డు పొడుగునా చెక్కలు పరిచిన బోర్డ్‌వాక్, మూసేసిన టాఫీ కొట్లు, టార్పాలిన్ కప్పిన రంగులరాట్నం, నీళ్ళలోకి వంతెనలా చొచ్చుకుపోయిన పియర్... అంతే.

ఎనభైల మొదట్లో ఒక సెప్టెంబర్‌లో మా ప్రసాద్ బాబాయి బాప్తిస్మం కోసం అక్కడికి వెళ్ళాం. మా వాళ్ళలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిశాక, తనంతట తాను ఒప్పుకున్నాక, నిలువెల్లా నీళ్ళలో ముంచి లేపాలి. బాబాయి ఏటికేడు వాయిదా వేశాడు. చీరాలలో నానమ్మకి అదే దిగులు... బాప్తిస్మం లేకుండా పోతే చిన్నకొడుకు పరలోకం చేరడేమోనని.

అమెరికన్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చే తొట్టి ఉంది, వాడుకోమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "మన ఇంట్లో అందరం సముద్రంలోనే తీసుకున్నాం. వీడొక్కడికే తొట్టి ఏంటి?" అన్నారు.

అప్పట్లో మాకు తెలుగు పాస్టరు లేరు. మందుల షాపులో పనిచేసే దానియేలు అంకులే ప్రార్థన నడిపించేవారు. ఆ రోజు ఆయన, బాబాయి తెల్ల లాల్చీలు వేసుకున్నారు. నీళ్ళు కాలికి తగలగానే బాబాయి వెనక్కి గెంతాడు.

"వదినా, ఇందులో పాపాలు కడుక్కుపోవు. గడ్డకట్టి నాతోనే ఉంటాయి."

"నోరు మూసుకుని ప్రార్థన చేసుకో అబ్బాయ్," అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

చోటు నాన్నే చూశారు. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక పట్టీ మేర నీళ్ళు మాత్రం నునుపుగా, కాస్త మట్టిరంగులో ఉన్నాయి. "దానియేలన్నా, ఇదిగో ఇక్కడ. కెరటమే లేదు, చెరువులా ఉంది." మనిషిని వెనక్కి వాల్చి లేపాలంటే నీళ్ళు నిదానంగా ఉండాలి కదా... అందరికీ సరిగ్గానే తోచింది.

ఇద్దరూ దిగుతుంటే పియర్ మీద నుంచి ఒక ముసలాయన రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. గాలికి మాట వినపడలేదు.

"ఏమంటున్నాడండీ?" అంది అమ్మ.

"ఏమంటాడు, పొమ్మంటాడు. మొన్న పార్కులో ఆ కుర్రాళ్ళు మీ దేశం పొండి అనలేదా? అటు చూడకు."

మేం అటు చూడలేదు. పాట ఎత్తుకున్నాం.

నడుము లోతులో అంకుల్ బాబాయి వీపు వెనక చెయ్యి పెట్టారు. తండ్రి పేరు చెప్పారు. కుమారుడి పేరు చెప్పారు. మూడో పేరు చెప్పి ముంచాలి. అంతలో ఇద్దరి కాళ్ళూ జారాయి. లోపలికి నడుస్తున్నారనుకున్నాను. తర్వాత తలలే కనిపించాయి, అవీ దూరంగా.

నాన్న నీళ్ళలోకి పరుగెత్తబోతే అమ్మ ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. ముసలాయన పియర్ అంచు నుంచి తాడు కట్టిన రింగు విసిరాడు. అంకుల్‌కి అందింది. బాబాయికి అందలేదు. మర్నాడు పొద్దున పడవవాళ్ళు బాబాయిని తెచ్చి ఒడ్డున పడుకోబెట్టారు.

చీరాలలో నానమ్మకి పక్కింటి ఫోనులో చెప్పారు. చాలాసేపు ఏడుపే. తర్వాత ఆమె ఒకటే అడిగింది. నాన్న పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

"ఒరేయ్, ముంచాడా? మూడు పేర్లూ చెప్పాడా?"

నాన్న అంకుల్ వైపు చూశారు. ఆయన తల ఎత్తలేదు.

"అయ్యిందమ్మా. అంతా అయ్యాకే."

అవతల నుంచి "స్తోత్రం" అన్న మాట వచ్చింది. నానమ్మ ఆ మాట మీదే ఇంకా కొన్నేళ్ళు బతికింది. అంకుల్ మళ్ళీ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ హోటల్ స్థలంలో కాండో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఒడ్డున బోర్డులు పెట్టారు... కెరటం విరగని చోటే నీళ్ళు లోపలికి లాగేస్తాయని, బొమ్మ వేసి మరీ. పోయిన వేసవిలో నాన్నని తీసుకెళ్ళాను. బోర్డు మొత్తం చదివారు. కారులో చాలా దూరం వచ్చాక అన్నారు...

"పైన అమ్మకి వాడు కనపడి ఉండకపోతే, నేను వెళ్ళగానే నన్నే అడుగుతుంది."

 

మీరు చిన్నప్పుడు వెళ్ళిన సముద్రం ఊళ్ళ గురించి రాయండి... నాన్నకి చదివి వినిపిస్తాను. నవ్వొచ్చేవైతే మేలు.