గోవర్ధనరావు గారి పైదవడ

గుడివాడ బస్టాండు వెనక సందులో గోవర్ధనరావు గారిది చిన్న డెంటల్ ల్యాబు. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే కట్టుడు పళ్ళు చేసిస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పక్కన జెరాక్సు షాపు నాదే కాబట్టి, జరిగిందంతా దగ్గరుండి చూశాను.

2021 మే నెలలో ఆయనకి కరోనా వచ్చింది. విజయవాడలో పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. అసలే షుగరు మనిషి, అది నాలుగొందలు దాటింది. ఇంటికొచ్చిన వారానికి ఎడమ బుగ్గ మొద్దుబారింది. ముక్కులోంచి నల్లటి పెచ్చులు రాలాయి. చూసిన డాక్టరు సైనస్ అని మాత్రలు రాసిచ్చాడు.

మర్నాడు నాలుకతో తడుముకుంటే పైపళ్ళు నాలుగు కలిసి కదిలాయి. వెంటనే భార్య సులోచన గారిని పిలిచాడు.

"ఒక పన్ను కదిలితే చిగుళ్ళ జబ్బు. నాలుగూ కలిసి కదులుతున్నాయంటే లోపల ఎముకే చచ్చిపోతోంది. కారు మాట్లాడు."

"డాక్టరుగారు సైనస్ అన్నారు కదండీ?"

"ఆయన జ్వరాలు చూస్తాడు. పళ్ళ సంగతి నాకు తెలుసు. పద."

స్కానింగులో బ్లాక్ ఫంగస్ అని తేలింది. మట్టిలో, గాలిలో మనందరి చుట్టూ ఉండే బూజే అది. ఒంట్లో ఓపిక పోయి, షుగరు పెరిగిన మనిషి దొరికితే లోపల చేరి ఎముకని తినేస్తుంది. ఎడమవైపు పైదవడ, సగం అంగిలి తీసేశారు. వారాల తరబడి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కన్ను కూడా పోయేదని సర్జన్ అన్నాడట.

ప్రాణం దక్కింది, మాట పోయింది. నోటికీ ముక్కుకీ మధ్య అడ్డం లేదు. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. "బావా" అంటే "మావా" అని వినపడేది. ఆ గుంతకి మూతలా పెట్టుకోమని ఆస్పత్రిలో ఇచ్చిన ప్లేటు మాట మధ్యలో జారిపోయేది.

సులోచన గారి అన్న రామబ్రహ్మం ఒకరోజు ల్యాబుకొచ్చి, "ఇది అమ్మేద్దాం బావా. ఈ ముఖంతో నలుగురిలో ఏం కూర్చుంటావు?" అన్నాడు.

గోవర్ధనరావు గారు లేచి, గోడవైపున్న పని బల్లని ఈడ్చి వీధివైపు తిప్పాడు. కాగితం మీద రాసి బావగారి చేతిలో పెట్టాడు: "చూడలేనివాళ్ళు తల తిప్పుకుంటారు. నేను తిప్పుకోను."

తర్వాత పళ్ళ డాక్టరు భార్గవి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ భయపడింది. "ఇంత పెద్ద గుంతకి నేనెప్పుడూ అచ్చు తీయలేదండీ." ఆయన మళ్ళీ రాశాడు: "అచ్చు మీరు తీయండి. మిగతాది నా పని."

ఆ అచ్చు మీద ఆయన చేసుకున్న మొదటి ప్లేటు బరువుకి ఊడిపోయింది. రెండోది కోసుకుని నెత్తురొచ్చింది. మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఆయనే విసిరికొట్టాడు. అయిదోసారి గుంతలో కూర్చునే భాగాన్ని లోపల బోలుగా చేశాడు. తేలికైంది, నిలబడింది. ఆ పూట సులోచన గారు గ్లాసు అందిస్తే, నీళ్ళన్నీ గొంతులోకే దిగాయి. "పప్పు, బెల్లం, పాపం, బాబాయ్" అని ఒక్కో మాటా పలికి చూసుకున్నాడు. ఆవిడ కళ్ళొత్తుకుంటుంటే, "ఏడుపెందుకు? పప్పు చెయ్యి," అన్నాడు.

ఆ సంగతి భార్గవి గారి ద్వారా పాకింది. నాగాయలంక నుంచి కనకమహాలక్ష్మి అని చేపలమ్మే మనిషి వచ్చింది. అదే జబ్బు, అదే ఆపరేషన్. ఏడాదిగా ముఖం మీంచి కొంగు తీయలేదట.

"కొంగు తియ్యమ్మా."

తీయలేదు. గోవర్ధనరావు గారు తన ప్లేటు ఊడదీసి, వీధి వీధంతా చూస్తుండగా నోరు తెరిచి చూపించాడు. ఆవిడ కాసేపు అలాగే చూసి, కొంగు తీసి భుజం మీద వేసుకుంది.

నాలుగుసార్లు బస్సెక్కి వచ్చింది. ప్లేటు కుదిరిన రోజు సందులోకి నడిచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పండుగప్పలు! పచ్చి రొయ్యలు!" అని కేకేసింది. నా షాపులో ఉన్నవాళ్ళు బయటికి పరుగెత్తారు.

గోవర్ధనరావు గారు బల్ల దగ్గర్నుంచి లేవకుండా, "పండుగప్పలో 'ప' దగ్గర ఇంకా గాలి పోతోంది. లోపలికి రా, సరిచేస్తాను," అన్నాడు.