క్వాలిటీ ఆఫీసరు ఏం వేసుకుంటుంది?

తాను ఆఫీసరయిన సంగతి బాణాలమ్మకు బుధవారం పొద్దున, నోట్లో టూత్ పేస్టు ఉండగా తెలిసింది.

కూతురు అద్దం ముందు జుట్టు దువ్వుకుంటోంది. ఇటు తిరక్కుండానే, ఆదివారం నాలుగింటికి అబ్బాయి వాళ్లింట్లో టీకి రమ్మన్నారని చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత దువ్వెన పక్కన పెట్టి, అక్కడ ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే క్వాలిటీ ఆఫీసరునని చెప్పమంది. తాను ఎప్పుడో అలాగే చెప్పేసిందట.

బాణాలమ్మ ఉమ్మాల్సింది మింగేసింది.

ఆమె చేసే పని ఏమిటంటే, బట్టల ఫ్యాక్టరీలో మూడో లైను చివర, ట్యూబులైటు కింద నిలబడి, కుట్టి వచ్చిన ప్రతి చొక్కానీ తిరగేసి తప్పులు పట్టడం, అంటే చెకరు పని. కుట్టు జారినా, గుండీ వదులైనా, కాలరు చెవులు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయినా, అక్కడ బాణం గుర్తున్న ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. అది చూసి మిషను మీదున్న వాళ్లు విప్పి మళ్లీ కుట్టుకోవాలి. అందుకే వాళ్లు కచ్చకొద్దీ బాణాలమ్మ అని పేరు పెట్టారు. ఇరవై రెండేళ్లలో అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. తప్పు మరీ పెద్దదైతే స్టిక్కరుతో పోదు. చొక్కా పక్క కుట్టు లోపల లైను నంబరు వేసిన తెల్ల పట్టీ ఉంటుంది, దాని మూల కత్తిరించి రిజెక్టు బుట్టలో పడేస్తుంది. రోజుకు ఆరు వందల చొక్కాలు. కూర్చోవడానికి స్టూలు కూడా ఇవ్వరు. మనిషి కూర్చుంటే కళ్లు కూడా కూర్చుంటాయని సూపర్‌వైజరు సిద్ధాంతం.

అలాంటి మనిషి పొద్దున్నే పళ్లు తోముకునేలోపు ఆఫీసరైపోయింది.

బాణాలమ్మకు అబద్ధం కొత్త కాదు. ఫ్యాక్టరీకి తనిఖీ వాళ్లు వచ్చినప్పుడల్లా తానూ నవ్వుతూ నాలుగు ఆడిందే. ఆమెను నిలువునా కొయ్యబార్చింది వేరే. ఆ పిల్ల ఆ మాటను బస్సు వేళలు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నేనంటే నీకు సిగ్గా అని అడగాలనుకుంది. గొంతుదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే వేరేది ఊడిపడింది.

"ఆఫీసర్లు ఏం వేసుకుంటారే?"

"ఏదైనా నీటుగా ఉంటే చాలమ్మా. కానీ ఒక్కటి, ఎవరి బట్టలూ పట్టుకుని చూడకు."

కూతురు ఒక పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని వచ్చిన వాళ్ల పేర్లు రాసుకుంటుంది. ఆ అబ్బాయి పంటి నొప్పితో వచ్చాడు. పన్ను ఒక్క రోజులో బాగైంది, రావడం మాత్రం ఆరు నెలలైనా మానలేదు. వాళ్లమ్మ ఆడపిల్లల కాలేజీకి ప్రిన్సిపాలు. బాణాలమ్మకు లెక్క స్పష్టంగానే ఉంది. ఆదివారం తాను ఒక్క మాట జారితే కూతురు ఆ ఇంట్లో అబద్ధాలకోరుగా అడుగు పెడుతుంది. జారకపోతే, తాను బతికినన్నాళ్లూ ఆ గుమ్మంలో ఆఫీసరుగానే అడుగు పెట్టాలి.

ఆమెకున్న మంచి జతలు మూడు. మూడింటినీ మంచం మీద పరిచి, అలవాటు కొద్దీ లోపలివైపు తిరగేసింది. అక్కడే కొంప మునిగింది. ఆకుపచ్చ జతకు చంక కింద కుట్టు లాగేసి ఉంది. గోధుమరంగు జతకు రెండు చేతులూ ఒక పొడవు లేవు. ఎనిమిదేళ్లు వేసుకుని తిరిగింది, ఒక్కరోజూ కనపడలేదు. ఊళ్లో వాళ్ల చొక్కాలకు పెట్టిన కన్ను తన ఒంటి మీదికి రానేలేదన్నమాట. ఇక మిగిలింది నల్లకోటు. అది ఎవరైనా పోయినప్పుడు తప్ప బయటికి రాదు.

శనివారం షిఫ్టు దిగాక కాజాల వదిన వచ్చింది. ఆవిడ అదే లైనులో కాజాల మిషను మీద పనిచేస్తుంది. సంగతి విని ముక్కు మీద వేలేసుకుంది, ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. అసలు క్వాలిటీ ఆఫీసరు ఏం వేసుకుంటాడో గుర్తుచేసుకుందామని బాణాలమ్మ అంది. ఫ్యాక్టరీలో అలాంటి ఆయన నిజంగానే ఒకడున్నాడు, నెలకోసారి వచ్చి టీ తాగి సంతకం పెట్టి పోతాడు.

"ఆయన వేసుకునేది పొట్ట వదినా," అంది కాజాల వదిన. "ఒక్క రోజులో నీకెక్కడ వస్తుంది?"

చివరికి నల్లకోటే ఖాయమైంది. కింద ఆకుపచ్చ జత. కాజాల వదిన చంక కుట్టు బిగించి, కోటు జేబులో ఒక పెన్ను గుచ్చింది. బాణాలమ్మ అద్దంలో చూసుకుంటే ఎవరింట్లోనో దుఃఖం పలకరించడానికి వెళ్తున్న మనిషి కనపడింది. పెన్నుతో సహా.

ఆదివారం ఎండ మండిపోతోంది. రెండంతస్తులు ఎక్కేసరికి కోటు లోపల ఆఫీసరు తడిసి ముద్దయింది. తలుపు ప్రిన్సిపాలమ్మే తీసింది. ఎత్తయిన మనిషి, లేత నీలం పొడుగు చొక్కా, మడత విప్పి గంటైనా కాలేదన్నట్టు పెళపెళలాడుతోంది. "రండి వదినగారూ," అని రెండు చేతులూ పట్టుకుంది. వదిలీ వదలగానే తన చొక్కా అంచు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. ఇంత పెద్దమనిషి అన్నిసార్లు ఎందుకు సర్దుకోవాలో బాణాలమ్మకు అంతు చిక్కలేదు. అంతలోనే కాలరు కంటబడింది. ఎడమ చెవి గింజంత పొట్టి. చప్పున తల పైకెత్తి ఫ్యాను వంక చూసింది.

గది నిండా పుస్తకాలు, గాజు బల్ల, దాని మీద నాలుగు కప్పులు. అబ్బాయి ఒక పక్కన, కూతురు ఒక పక్కన, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ముడుచుకుని ఉన్నారు. ప్రిన్సిపాలమ్మ మర్యాదగా అడుగుతోంది. ఆ కంపెనీలో ఎన్నేళ్లని అడిగితే ఇరవై రెండని బాణాలమ్మ నిజమే చెప్పింది. మీ చేతి కింద ఎంతమంది అని అడిగితే, ఫ్యాను వంక చూస్తూ, "రోజుకు ఆరు వందలు," అంది. ఆమె లెక్క చొక్కాలది. ప్రిన్సిపాలమ్మకు కప్పు చేతిలో నిలవలేదు, కింద పెట్టేసింది. కూతురు కళ్లు మూసుకుంది.

రెండోసారి టీ పోయడానికి ప్రిన్సిపాలమ్మ వంగింది. చొక్కా పక్క అంచు సరిగ్గా బాణాలమ్మ ముక్కు ముందుకొచ్చి ఆగింది. ఇక ఆ తర్వాత జరిగిందానికి ఆమెను అనాల్సిన పని లేదు, అనాలంటే ఆ చేతిని అనాలి. చేయి దానంతట అది వెళ్లి అంచు పట్టుకుంది, తిరగేసింది, బొటనవేలు కుట్టు వెంట పాకి తెల్ల పట్టీ దగ్గర ఆగింది. పట్టీకి మూల లేదు.

"మూడో లైను," అంది బాణాలమ్మ. "రిజెక్టు."

టీ కెటిల్ గాల్లో ఉండిపోయింది. అబ్బాయి బిస్కెట్టు సగం నోట్లో, సగం బయట. కూతురి మొహంలో నెత్తురు లేదు. బాణాలమ్మ తన చేతినే చూస్తోంది, అది ఇంకా అంచు వదల్లేదు.

ప్రిన్సిపాలమ్మ మెల్లగా కూర్చుని, ఏమన్నారని అడిగింది. ఇక దాచడానికేం మిగల్లేదు. ఈ చొక్కా మా ఫ్యాక్టరీదేనని, ఈ మూల కత్తిరించింది తానేనని, తాను ఆఫీసరు కాదని, లైను చివర నిలబడి తప్పులు పట్టే మనిషినని బాణాలమ్మ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"ఇది విదేశాల నుంచి వచ్చిందని నా స్నేహితురాలు అమ్మింది," అంది ప్రిన్సిపాలమ్మ. గొంతు పీలగా వచ్చింది. "బట్టల కంపెనీ ఆఫీసరు వస్తున్నారు, ఏం వేసుకున్నా ఇట్టే పట్టేస్తారని గురువారం నుంచి అద్దం ముందే ఉన్నాను. మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు కూడా నేనింత భయపడలేదు."

బాణాలమ్మ చేతులు రెండూ ఒళ్లో పెట్టేసుకుంది. తనను చూసి ఒక మనిషి భయపడటం, అదీ ఇలాంటి మనిషి, ఆమె ఎరగని సంగతి.

ప్రిన్సిపాలమ్మ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి ఆవిడ మోచేతుల దగ్గర వెలిసిన ఇంటి గౌనులో బయటికొచ్చి దర్జాగా కూర్చుంది.

"ఇది మీ ఫ్యాక్టరీది కాదు వదినగారూ. కావాలంటే చూసుకోండి."

తర్వాత పిల్ల వైపు తిరిగింది. "బట్టల సంగతి తేలింది. ఇప్పుడు నువ్వు చెప్పు. మీ అమ్మ ఏం పని చేస్తుంది?"

బాణాలమ్మ ఆ జవాబు తానే చెప్పేసి పిల్లను గట్టెక్కించాలనుకుంది. పళ్లు బిగబట్టి ఊరుకుంది.

"చెకరు," అంది కూతురు. "మూడో లైను చెకరు. పది గంటలు నిలబడే ఉంటుంది. ఆ మాట నలుగురిలో చెప్పడానికి నాకు సిగ్గేసింది."

నాలుగు రోజులుగా బాణాలమ్మలో అనుమానంగా తిరిగిన మాట ఇప్పుడు అందరి ముందూ చెవిన పడింది. అయినా చెకరు అన్న మాట ఆ పిల్ల నోట వినడం అదే మొదలు. రెండూ కలిసి ఒకేసారి వస్తే ఏడవాలో నవ్వాలో తెలియక కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది.

"పోనీలేమ్మా," అంది ప్రిన్సిపాలమ్మ, మనసు కాస్త కుదుటపడి. "డాక్టరు చదివిన పిల్లవి. స్నేహితుల్లో చెప్పుకోవడానికి కాస్త మొహమాటం ఉంటుంది."

"డాక్టరెవరు?" అంది కూతురు.

"నువ్వే కదమ్మా. పళ్ల డాక్టరువి."

అందరి కళ్లూ అబ్బాయి మీదికి వెళ్లాయి. వాడి చెవులు ఎర్రగా కాలుతున్నాయి. నేను పేర్లు రాసుకుంటానండీ, పళ్లు పీకేది వేరే ఆయన అని కూతురు మెల్లగా ప్రిన్సిపాలమ్మకు చెప్పింది. చెబుతున్నంతసేపూ వాడినే చూసింది. దెబ్బ ఎక్కడ తగిలిందో బాణాలమ్మకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. చేయి చాచి కూతురి చేయి పట్టుకుంది.

"సిగ్గేసిందా?" అని వాణ్ణి అడిగింది కూతురు.

వాడు వేసిందన్నాడు.

ప్రిన్సిపాలమ్మ రెండు చేతులతో తల పట్టుకుని, కాసేపటికి కెటిల్ తీసుకుని లేచింది. "టీ చల్లారిపోయింది. మళ్లీ పెడతాను. నేనొచ్చేదాకా ఎవరూ లేవకండి, ఇంకా ఎవరెవరు ఏమేం కాదో ఇవాళే తేలాలి."