దీపంలో మిగిలిన నూనె

రాత్రి వెలిగించిన ఇత్తడి దీపం తెల్లారేసరికి కొండెక్కేది. అడుగున ఇంత నూనె మిగిలేది. కదిరమ్మ దాన్ని పారబోసేది కాదు. వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, ఆ దీపం చేతపట్టుకుని ఇంటిపక్క రేకుల కొట్టంలోకి వెళ్లేది. అక్కడ ఆమె భర్త మారుతి నడిపిన పాత ట్రాక్టర్ ఉంది. దాని వెనక కుడివైపున్న ఇనుప రాడ్డు మీద ఆ నూనె జారవిడిచి, చిటికెడు పసుపు, కాస్త కుంకుమ అద్ది వచ్చేది. మారుతి పోయాక తన నుదుటికి కుంకుమ మానేసింది గానీ ఆ రాడ్డుకు మానలేదు. ఆ పని అయ్యాకే నోట్లో కాఫీ చుక్క పడేది.

మంచం పట్టిన రోజుల్లో మారుతి ఆమెకు చెప్పిన మాట అది. ఆ రాడ్డును ఎండనీయొద్దు, అది పట్టేసిందంటే మన చేలో విత్తనం పడదు అన్నాడు. ట్రాక్టర్ వెనక విత్తనం వేసే గొర్రును మోసే చేతులు రెండుంటాయి. కుడిచేతిని పట్టుకుని ఉండే రాడ్డుకు మరలు, పైన తిప్పడానికి చిన్న పిడి. పిడి తిప్పితే ఆ చెయ్యి పైకీ కిందికీ జరిగి గొర్రు మట్టంగా నిలుస్తుంది. ఒరిగితే ఒకవైపు విత్తనం లోతుకుపోయి మొలకెత్తదు, రెండోవైపు మన్ను పైనే పడి కాకులపాలవుతుంది.

రెండేళ్ల కింద మారుతి పోయాక, కుందుర్పి దారిలోని ఎనిమిదెకరాల ఎర్రచేను మరిది కేశవ ఏడాదికింతని గుత్తకు తీసుకుని చేసుకున్నాడు. ట్రాక్టర్‌ను మాత్రం ఆమె అమ్మలేదు. వీధిలోని ఓబన్న దానికి ట్రాలీ తగిలించి ఇసుక, ఎరువు తోలేవాడు. ట్రాలీ లాగడానికి ఆ రాడ్డుతో పనిలేదు. కాబట్టి దాన్ని తిప్పిచూసినవాళ్లు లేరు.

ఈ ఏడు కదిరమ్మ తన చేను తానే విత్తుకుంటానంది. కేశవ కాదనలేదు. కానీ ఆడమనిషి పేరు మీద చేను బీడు పడితే ఊళ్లో తన పరువు పోతుందని, మొదటి వాన పదునులో, నేల తడి ఆరకముందే విత్తనం పడకపోతే చేను మళ్లీ తనకే వదలాలని ఒక మాట అడిగాడు. ఆమె సరేనంది. అంది గానీ, మళ్లీ గుత్తకిస్తే ఆ చేను ఇక తన చేతికి రాదని ఆమెకు తెలుసు.

ఆషాఢంలో ఒక రాత్రి వాన పడింది. తెల్లారి ఓబన్న ట్రాక్టర్‌కు గొర్రు కట్టాడు. గొర్రు కుడిపక్క పైకి లేచి నిలబడింది. మారుతి చివరిసారి దున్నడానికి మడక కట్టినప్పుడు, కుడి చక్రం సాలులో దిగి నడుస్తుందని, ఆ చేతిని ఎత్తి ఉంచాడు. అది అట్లాగే ఉండిపోయింది. ఓబన్న పిడి పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. డీజిల్ పోశాడు, సుత్తితో తట్టాడు, పిడికి గొట్టం తొడిగి ఊగాడు. పిడి వంగింది తప్ప మర తిరగలేదు.

కళ్యాణదుర్గం అంగడికి ఫోన్ చేస్తే, ఆ పాత బండి సామాను తమ దగ్గర లేదు, అనంతపురం నుంచి రావాలి, సోమవారం అవుతుంది అన్నారు. ఊళ్లో మిగతా ట్రాక్టర్లు అప్పటికే చేలల్లో ఉన్నాయి. పదునులో ఎవరి గొర్రు వాళ్లకే చాలదు. గుట్ట మీద గాలిమరలు జోరుగా తిరుగుతున్నాయి. ఆ గాలికి రేపు సాయంత్రానికల్లా నేల ఆరిపోతుంది.

తన చేను సగం విత్తి, మధ్యాహ్నం అటుగా వచ్చిన కేశవ ఆగి చూశాడు.

"ఏంది వదినా ఇది? రెండేండ్లు ఆ రాడ్డును తిప్పకుండానే పెట్టినారు. తుప్పు తినేసినాది."

ఓబన్న గుడ్డపేలికలు డీజిల్‌లో ముంచి రాడ్డు కింద మంట పెట్టాడు. మరల సందులోంచి ఏదో మెత్తబడి పొగ లేచింది. ఆ వాసన తగలగానే కదిరమ్మ దగ్గరికి వచ్చింది. దేవుడి గూట్లో వత్తి మాడినప్పుడు వచ్చే వాసన అది. వంగి, గోటితో గీకి చూసింది. గోధుమరంగు జిగురు. ఇత్తడి దీపం మెడ చుట్టూ పేరుకునే జిడ్డు లాంటిదే. పసుపు, కుంకుమ, దుమ్ము కలిసి, చూపుకు తుప్పులాగే, రాయిలా గట్టిపడింది.

చెబితే కేశవ జన్మంతా నవ్వుతాడు. చెప్పకపోతే పదును పోతుంది.

"ఓబన్నా, అది తుప్పు గాదు" అంది.

"తుప్పు గాకపోతే ఇంగేముంటాదక్కా ఈడ?"

"నా దీపం నూనె. దినామూ పోస్తాంటి."

కేశవ ఆమెనూ రాడ్డునూ మార్చి మార్చి చూశాడు. "అంటే రెండేండ్లు దీనికి అభిషేకం చేసినావా వదినా? అంత భక్తి చేసినంక అదెట్ల కదుల్తాది?"

"నవ్వుకోప్పా. నవ్వినంక ఆ మూలనుండే నీళ్ల అండా ఎత్తి పొయ్యి మీద పెట్టు."

ఏటా పండుగల ముందు జిడ్డుపట్టిన దీపాలను ఆమె చాకలి సోడా వేసిన నీళ్లలో ఉడకబెడుతుంది. ఎంత తోమినా పోని జిడ్డు అందులో తొక్కలా ఊడివస్తుంది. డీజిల్‌కు లొంగనిది దీనికి లొంగుతుందేమో. ఓబన్న రెండు పిన్నులు పీకి రాడ్డును ఊడదీశాడు. ఇనుమును ఉడకబెట్టి ఎవరికి వడ్డిస్తావక్కా అని గొణుగుతూనే అండాలోకి దించాడు. కదిరమ్మ కందికట్టె ఎగదోసి, సోడా పోసింది.

నీళ్లు మరిగేకొద్దీ ఆరతి నీళ్లలా ఎర్రగా తిరిగాయి. పసుపుకు సున్నం తగిలినా, సోడా తగిలినా ఆ రంగే. కేశవ తొంగిచూశాడు. నవ్వలేదు. కూర్చుని పొయ్యిలోకి కట్టె తోయడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా రాడ్డును బయటికి తీశారు. కేశవ గోనెపట్టాతో ఒక కొసను పట్టి ట్రాలీ కొక్కెంలో ఇరికించి, దాని మీద కాలు వేసి నిలబడ్డాడు. ఓబన్న వంగిన పిడికి గొట్టం తొడిగి, ముందు బిగించేవైపు కాస్త ఒత్తాడు. తర్వాత వదులుచేసేవైపు. మళ్లీ బిగించేవైపు. ఆ ఒత్తుడుకు మర కిర్రుమని వెంట్రుకవాసి జరిగింది. సందులోంచి ఎర్రని జిగురు ఉబికి వచ్చింది. ఓబన్న దాన్ని గుడ్డతో తుడిచి, ఇంకాస్త తిప్పాడు. దీపం పెట్టేవేళకు రాడ్డు పైనుంచి కిందిదాకా తిరిగింది. డీజిల్‌తో కడిగి, గ్రీజు పూసి బిగించారు.

మరునాడు తెల్లవారుజామునే గొర్రు చేలో దిగింది, మట్టంగా. కదిరమ్మ దాని వెనకే నడుస్తూ, అక్కడక్కడ సాలులో వేలు గుచ్చి చూసుకుంది. విత్తనం రెండు కణుపుల లోతున, తడిలో ఉంది. చివరి సాలు ముగిసేసరికి పైమన్ను తెల్లబడుతోంది. అడుగున మాత్రం పదును ఇంకా చేతికి తగులుతోంది. తన పని ముగించుకుని వచ్చిన కేశవ గట్టు దిగి వంగి, ఆమె చేసినట్టే వేలు గుచ్చి చూశాడు.

"బాగా పడినాది వదినా. ఇంగ గుత్త మాట నేనెత్తను" అన్నాడు.

రాడ్డుకు ఇప్పుడు ఓబన్న గ్రీజు పెడుతున్నాడు. కుంకుమ పెట్టాలనుంటే బానెట్ మీద పెట్టుకోక్కా అని ఒక చోటు చూపించాడు. కదిరమ్మ అక్కడే పెడుతుంది. దీపంలో మిగిలిన నూనెను తన కాలి పగుళ్లకు రాసుకుని చేనికి పోతుంది.