ముందు అద్దం రబ్బరు

రబ్బరు ఆరు ముక్కలై వచ్చింది. వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి, సింగపూర్ టోవా పాయోలో మా పక్క ఫ్లాట్ అంకుల్ గారి హాల్లో సూట్‌కేసు తెరిచి, బట్ట పీలికతో కట్టిన కట్ట ఒకటి తీసి టీపాయ్ మీద పెట్టింది. ముక్కలన్నీ ఒకే పొడవు. కోసిన చోట ఎక్కడా వంకర లేదు.

అంకుల్ ఒక ముక్క తీసి వేళ్ళతో వంచి చూశారు. తర్వాత ఇంకొకటి. వంటింట్లోంచి చాయ్ తెస్తున్న ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది ఒకే చుట్టుగా ఉండాలమ్మా, చేతి గాజులాగా" అన్నాను నేను.

"సూట్‌కేస్‌ల పట్టలేదు సార్. బాపు కొలిచి మంచిగ కట్ చేసిండు. ఎట్లైనా అతికిచ్చుకుంటరు కదా అన్నడు" అంది ఆ అమ్మాయి. మా ముఖాలు చూసి గొంతు తగ్గించింది. "తప్పయిందా?"

"ఏం కాదు బేటా. బహుత్ సాఫ్ కట్ చేసిండు మీ బాపు. నువ్వు చాయ్ తాగు" అన్నారు అంకుల్.

వాళ్ళ నాన్నకి వరంగల్లో బట్టల కొట్టు ఉంది. జీవితమంతా కొలిచి కోసిన మనిషి. పొడుగ్గా, మెత్తగా ఉన్నదేదైనా కొలతకి అమ్మేదేనని ఆయన అనుకోవడంలో వింత లేదు.

అంకుల్ హైదరాబాద్ నుంచి చాలా ఏళ్ళ కిందట ఇక్కడి షిప్‌యార్డుకి ఇంజనీరుగా వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. ఆ రబ్బరు ఆయన ఇటలీ కారుది. ఆ కారు కొనేనాటికే పాతది. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక పై అధికారి దగ్గర కొన్నారు. నేను పత్రికాఫీసు డెస్కు ఉద్యోగం వదిలి, నా భార్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట సింగపూర్ వచ్చేనాటికి ఆ కారు ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి, పగుళ్ళిచ్చి, వానొస్తే నీళ్ళు లోపలికి వదిలేది. ఇక్కడ వాన రాని వారం ఉండదు. ఆంటీ ఒళ్ళో ప్లాస్టిక్ షీటు పరుచుకుని కూచునేవారు. యీషున్‌లో ఉండే కూతురింటికి వెళ్తే, మనవరాలు వెనక సీట్లోంచి "నానా, ఇన్‌సైడ్ ఆల్సో రెయినింగ్ లా" అని తాతగారిని ఏడిపించేది.

నవ్వుకునే దశ దాటిపోయింది. నీళ్ళు కార్పెట్టు కిందికి దిగి, కాళ్ళ దగ్గరి రేకు తుప్పు పట్టింది. పాత బండ్లకి ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది. ఆ రేకు చిల్లులు పడితే తనిఖీ దాటదు, దాటకపోతే బండి తుక్కుకే. ఇది పోతే ఈ దేశంలో మళ్ళీ ఇంకో కారు కొనే వయసూ స్తోమతూ తనకి లేవని అంకుల్‌కి తెలుసు.

ఆ రబ్బరు కోసం ఆయనా నేనూ తిరగని చోటు లేదు. పాత సామాన్ల కొట్లలో బస్సు అద్దాల రబ్బరు చూపించారు, ఫ్రిజ్ తలుపు రబ్బరు చూపించారు. ఆంగ్ మో కియోలో అంకుల్ కారు బాగుచేసే చైనీయుడు ఇటలీ నుంచే తెప్పించుకోమన్నాడు. రాత్రిళ్ళు నా భార్య కంప్యూటర్ ముందు కూచుని ఇంగ్లీషులో ఈమెయిళ్ళు రాసేవాణ్ణి. జవాబులు వచ్చేవి కావు, వస్తే ఇటాలియన్‌లో వచ్చేవి.

చివరికి మా బావమరిది పనికొచ్చాడు. ఈ రోజుల్లో మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు లేని ఊరు లేదు. వాడి కంపెనీ వాణ్ణి ఇటలీలోని ట్యురిన్ పంపింది. ఆదివారాలు తిరిగి తిరిగి ఒక ముసలాయన కొట్లో రబ్బరు పట్టుకున్నాడు. పెట్టె మంచమంత ఉందనీ, పార్సిల్ చెయ్యడం ముసలాయన వల్ల కాదనీ చెప్పి, సెలవుకి వస్తూ చుట్ట చుట్టి తన సామాన్లో హైదరాబాద్ తెచ్చాడు. అక్కణ్ణించి సింగపూర్‌కి ఎవరొస్తున్నారా అని వాకబు చేస్తే ఈ అమ్మాయి దొరికింది. మందులైనా, పచ్చళ్ళైనా, పెళ్ళి పత్రికలైనా మనవాళ్ళకి అలాగే చేరతాయి. రబ్బరు కూడా అలాగే చేరింది.

రబ్బరు అందిన సాయంత్రమే వరంగల్ నుంచి ఫోను వచ్చింది. సామాను అందిందా, ఏమన్నా తక్కువ పడిందా అని ఆ అమ్మాయి తండ్రి అడుగుతున్నట్టు అంకుల్ జవాబుల్ని బట్టి అర్థమైంది.

"అందింది భాయ్. ఎంత మంచిగ కట్టిన్రు. ఏం తక్కువ కాలే" అన్నారు అంకుల్.

ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి, బాపుకి తనే చెప్తాననీ, తెలియకపోతే ఎలా అనీ అంది. అంకుల్ ఒప్పుకోలేదు.

"ముఖం తెల్వని మనిషి మన కోసం పని చేసిండు. చెడగొట్టినవు అని ఎట్ల చెప్తం? చెప్పనని మాటియ్యి బేటా."

అమ్మాయి మాటిచ్చింది. ఆ మాట నాకూ వర్తిస్తుందని ఆయన నావైపు చూసిన చూపులో ఉంది.

ఆంగ్ మో కియో మెకానిక్ ముక్కల్ని గుండ్రంగా పేర్చి చూశాడు. "గ్లూ క్యాన్. హెవీ రెయిన్, ఐ డోంట్ నో ఆ" అని, అతికించొచ్చు కానీ పెద్ద వానకి హామీ లేదన్నట్టు చెప్పి పని మొదలుపెట్టాడు. తుప్పు గీకి, రేకు అతుకు వేశాడు. ఆ ఏడు తనిఖీ దాటింది. మొదటి పెద్ద వానకే ఎడమ పక్క పైమూల రబ్బరు అతుకు ఊడింది. ఆంటీ మళ్ళీ ప్లాస్టిక్ షీటు తీశారు. రేకుకి వేసిన అతుకు అంచున తుప్పు మళ్ళీ మొదలైందనీ, ఇంకో ఏడాది ఇలా నీళ్ళు దిగితే ఇక వెల్డింగు చెయ్యడానికి గట్టి రేకు మిగలదనీ మెకానిక్ చెప్పాడు.

ట్యురిన్ నుంచి వచ్చేసేముందు మా బావమరిది ఆ ముసలాయన దగ్గరున్న చివరి రబ్బరు రింగు కూడా కొన్నాడట. ఈసారి వాకబు చేసే పని లేకుండా నేరుగా వరంగల్ కొట్లోనే ఇచ్చి, తర్వాతి ప్రాజెక్టుకి వేరే దేశం వెళ్ళిపోయాడు. ఇచ్చిన సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ అమ్మాయి క్లాస్‌మేట్ ఒకడు సెలవులకి వరంగల్ వెళ్ళాడు, వస్తూ తెస్తాడు. రింగు కొయ్యొద్దని ముందే చెప్పాలి. చెబితే మొదటిదాని సంగతి బయటపడుతుంది.

పోయిన వారం అంకుల్ నా ముందే వరంగల్‌కి ఫోను చేశారు. వ్యాపారం ఎలా ఉందని అడిగారు. ఎండల గురించి మాట్లాడారు. అమ్మాయి బాగా చదువుతోందని చెప్పారు. రింగు మాట వచ్చినప్పుడు "మీ దగ్గర ఉంది కదా, ఫికర్ లేదు" అని పెట్టేశారు. కొయ్యొద్దన్న మాట ఆయన నోట రాలేదు.

ఆ క్లాస్‌మేట్ కుర్రాడు ఇంకా వరంగల్లోనే ఉన్నాడు. కారు తనిఖీ వచ్చే నెల. రింగు ఇప్పుడు ఎలా ఉందో ఇక్కడ ఎవరికీ తెలియదు.