దొరసాని పాఠానికి నా కాళ్ల సాయం

ఆ రోజుల్లో కాళ్లకు బూట్సు ఉంటే మనిషికి చదువున్నట్టే అని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇరవై ఏళ్ల వయసు. గుడియాత్తంలో మా నాయన మగ్గం గుంట నుంచి తప్పించుకుని వేలూరు చేరాను. అక్కడ స్వీడన్ దేశపు దొరసాని ఒకామె తన ఇద్దరు పిల్లలకు సొంత భాష రాయడం నేర్పుతూ, సాయానికి మనిషి కోసం వెతుకుతోంది. ఆమె భాష నాకు ముక్క రాదు. రానక్కర్లేదట. వాళ్ల రాతలో కిటుకు ఒకటే: అచ్చు సాగితే వెనక హల్లు ఒక్కటి రాయాలి, పొట్టిగా తెగితే రెండు. ఆమె చెప్పిన మాటను నేను మళ్లీ పలకాలి, పిల్లలు చెవులతో పట్టుకుని రాయాలి. మా నాయన బట్టల వ్యాపారి అని ఒక అబద్ధం కూడా ఆడాను. (నేతగాడి కొడుకంటే ఆమె పంతులు పని ఇవ్వదని నా భయం.) నెలాఖరు పరీక్షలో పిల్లలు నెగ్గితే ఉద్యోగం నిలుస్తుంది, లేకుంటే మళ్లీ ఆ గుంటే గతి.

ఆ నెల ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. కోట వైపు నుంచి చల్లగాలి, వరండాలో చాప, దాని మీద బోర్లా పడుకున్న పిల్లలు, అర్థం తెలియని మాటల్లో ఎక్కడికో సాగిపోయే అచ్చులు. నేను కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని పలికేవాణ్ణి. వాళ్లు ఒక్క తప్పు రాస్తే ఒట్టు! అంతా నా గొంతు మహిమేనని మురిసిపోయాను.

పరీక్ష రోజున, ఆంబూరులో తోలు పని చేసే స్నేహితుడి బూట్సు అడిగి తెచ్చుకుని, కాళ్లు కదిలిస్తే అవి కరుస్తుంటే, కదపకుండా పళ్లు బిగించి దర్జాగా కూర్చున్నాను. పిల్లలు రాసిన పది మాటలకు తొమ్మిది తప్పు! దొరసాని ముఖం ఎర్రబడింది. నాకు మగ్గం గుంట కళ్ల ముందు కనిపించింది. అంతలో చిన్నపిల్ల, ఆయా దగ్గర నేర్చిన అరవం కలిసిన తెలుగులో నన్ను పంతులూ అని పిలుస్తూ, "వాత్తియారే, ఆ బూట్సు ఇప్పేయండి! మీ కాళ్లు కదలకుంటే మేమెట్ల రాసేది?" అంది.

విప్పక తప్పలేదు. దొరసాని మాట చెప్పింది, నేను పలికాను, పలుకుతూ మొదటిసారి నా కాళ్లు చూసుకున్నాను. అచ్చు సాగితే ఎడమకాలు మగ్గం కింద తొక్కుడు పలకను తొక్కినట్టు నేలను నొక్కి పట్టుకుంటోంది, తెగితే కుడికాలు టక్కున తొక్కి వదిలేస్తోంది. నెలంతా పిల్లలు వినడం లేదు, పాడూ లేదు. చాప మీద పడుకుని నా కాళ్లు చూసి రాశారు!

సిగ్గుతో చచ్చిపోయి నిజం చెప్పేశాను. ఆమె తిట్టలేదు సరికదా, మరుసటి వారం పిల్లలతో సహా మా ఇంటికి వచ్చింది. నాయన వాళ్లను గుంట అంచున కూర్చోబెట్టి, "కండ్లు మూసుకోండమ్మా, ఇప్పుడు ఇనండి" అని మగ్గం తొక్కాడు. కాసేపటికి దొరసాని మాటలు చెప్పసాగింది. పిల్లలు కళ్లు తెరవకుండానే, తమ చిన్న కాళ్లతో తామే నేలను తొక్కుతూ, హల్లు ఒకటో రెండో ఒక్కటీ తప్పకుండా చెప్పేశారు. నాయన నా వైపు తిరిగి, "ఏమప్పా, ఈ తొక్కుడుకేనా ఇల్లు ఇడిసి అంత దూరం పోయినావు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉద్యోగం నిలిచింది. ఆ భాషలో మాత్రం ఇప్పుడు ఒక్క మాటా గుర్తులేదు. మనవరాలు గుణింతం చదువుతుంటే దీర్ఘం దగ్గర నా ఎడమకాలు దానంతటదే నేలను నొక్కుతుంది. "ఎందుకు తాతా తొక్కతా ఉండావు?" అంటుంది. "మా నాయన నేతగాడమ్మా" అంటాను. ఈ ఒక్క మాట ఆనాడే చెప్పి ఉంటే, కాళ్లకు ఆ బూట్సు కరిచిన బొబ్బలైనా తప్పేవి.