శ్రీలంకలో చేత్తోనే తింటారంట

వేసవి సెలవుల్లో శ్రీలంక పోదామని నేను, మా ఆయన అనుకుంటాండాం. అక్కడి అడవులు, జలపాతాలు చూడాల, అక్కడి తిండి కడుపునిండా తినాల. మా అత్తను కూడా రమ్మంటే నెల నుంచీ ఒకటే మాట: "నాకెందుకులే, మీరు పోయి రాండి."

ఈ రోజు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయి, ఆమె పక్కన కూర్చుని ఫోన్లో ఒక్కొక్కటే చూపించినా. ఏనుగుల గుంపును చూసి నవ్వింది. పనసకాయ కూర, కొబ్బరి పచ్చడి కలుపుకుని అన్నం తింటాండే వాళ్ల వీడియో రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమ్మా, ఆడ చేత్తోనే తింటారా?"

"అవునత్తా, మన మాదిరే."

"చెంచాలు, ముళ్ల చెంచాలు పట్టుకునే పనిలేదా?"

"లేదత్తా."

"ఆ మాట ముందే చెప్పకూడదా! అవి పట్టుకోను చేతకాక నలుగురిలో నవ్వులపాలైతానేమోనని రానంటి."

తిండి పడదనో, విమానమంటే భయమనో మేం ఏవేవో అనుకున్నాం. ఇన్ని రోజులూ ఇది చెప్పుకోలేకపోయిందే అని పాపమనిపించింది. నేనింకా అదే ఆలోచిస్తాంటే ఆమె బీరువా తెరిచి, పాస్‌పోర్ట్ ఫోటోకు ఏ చీర బాగుంటుందని అడుగుతాంది.

శ్రీలంక పోయొచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండప్పా, మా అత్తకు ముందుగా ఏం తినిపించాల?