మూడు రీడింగుల సరాసరి

కారేదండీ, కారేదండీ అని గేటు దగ్గర్నించి స్టాఫ్‌రూమ్ దాకా అయిదుగురు అడిగారు నన్ను. ఒక్కసారే చెప్తాను, టీ తాగుతూ వినేయండి, మళ్ళీ మధ్యాహ్నం ఎవరూ అడక్కండి. నాకు ఓపిక లేదు. కారు తెనాలిలో ఉంది. వెనక చక్రాలు ఊడదీసి, పొట్ట తెరిచి, మెకానిక్ షెడ్డులో పడుకోబెట్టి ఉంది. అది అలా పడుకోడానికి కారణం ఎవరో కాదు, పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్పే నేనే.

నా సంగతి మీకు తెలిసిందే. ఎనిమిదేళ్ళుగా తెనాలి నించి ఈ పిట్టలవానిపాలెం దాకా బస్సులో నిలబడి వస్తున్నాను. పొద్దున్న నిలబడి రావడం, ఇక్కడ ఆరు పీరియడ్లు నిలబడి చెప్పడం, సాయంత్రం నిలబడి వెళ్ళడం. మోకాళ్ళు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి. రాత్రిళ్ళు నేను కొబ్బరినూనె రాసుకుంటుంటే చూడలేక మా ఆయన నెల కిందట ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. పెద్ద తెల్ల కారు, ఒకప్పుడు ఆఫీసర్లు తిరిగిన రకం. ఆయన ఆఫీసు బాపట్లలో కదా, దారిలో నన్ను దింపేసి వెళ్ళొచ్చని ప్లాను. ఆ కారు మీద నాకున్న కోరిక ఒక్కటే. స్పీడొద్దు, ఏసీ వద్దు, కూర్చుని బడికి రావాలి.

కారు బాగానే ఉంది, వెనకనించి వచ్చే ఆ మూలుగు తప్ప. ముప్ఫై దాటితే సన్నగా మొదలయ్యేది. ఒకరోజు చేబ్రోలు గుడికి వెళ్ళొచ్చేసరికి అది కేకలోకి దిగింది. మొన్న శుక్రవారం సాయంత్రం మస్తాన్ గారి షెడ్డుకి తీసుకెళ్ళాం. మస్తాన్ గారంటే తెనాలిలో పాత కార్లకి ఆయనే దిక్కు. మనిషి పెద్దవాడు, మాట తక్కువ. కారు కింద దూరి, వెనక ఇరుసులోంచి నాలుగు చుక్కలు ఆయిల్ వంచి, వేళ్ళ మధ్య రుద్ది చూపించారు. మిలమిలా మెరుస్తోంది. అది ఇనప పొడిట. లోపల రెండు పళ్ళచక్రాలుంటాయి, పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. వాటి పళ్ళు అరిగిపోతున్నాయి, రెండూ జతగా మార్చాలి అన్నారు. పాత సెట్లు రేపల్లెలో కార్లు విప్పి అమ్మే ఆయన దగ్గర దొరుకుతాయిట, ఆదివారం తెచ్చి సాయంత్రానికల్లా బిగించి ఇచ్చేస్తానన్నారు. అయితే ముందు రేషియో, అంటే పెద్దదాని పళ్ళు చిన్నదాని పళ్ళకి ఎన్ని రెట్లో తెలియాలి, తెలియకుండా తెస్తే కూర్చోదు అన్నారు.

అక్కడే ఊరుకోవాల్సింది నేను. ఊరుకుంటే నేనెందుకవుతాను?

ఆయన పాపం దారి కూడా చెప్పారు. కారు షెడ్డులో వదిలేస్తే శనివారం విప్పి పళ్ళు లెక్కపెట్టేస్తానన్నారు. విప్పకుండా కూడా తెలుస్తుందట కదా అన్నాను. తెలుస్తుందండి, చక్రం తిప్పి చూడాలి అన్నారు. ఇంకేముంది, అయితే మేం ఇంటి దగ్గరే చేసి చెప్తాం అన్నాను. పిల్లలకి ఏటా చెప్పే పాఠం కాదూ! ఆయన మొహమాటంగా, "ఈ బండికి వచ్చేవి రెండే రకాలండి మేడంగారూ, ఒకటేమో..." అనబోతుంటే చెయ్యెత్తి ఆపేశాను.

"వద్దు మస్తాన్ గారూ, చెప్పొద్దు. జవాబు ముందే తెలిస్తే కళ్ళు దాన్నే వెతుక్కుంటాయి. ప్రయోగం అలా చెయ్యకూడదు."

ఆయన చేతులు తుడుచుకుంటూ నాకేసి చూశారు. మీరు చదువుకున్నవాళ్ళు, మీ లెక్కే లెక్క అన్నారు. అది మెచ్చుకోలనే అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆదివారానికి కారు రెడీ అన్న ధైర్యంతో శనివారం నేను చేసిన ఘనకార్యం మీకు తెలుసు. మీ అందరికీ పాలకోవా పెట్టాను. సాయంత్రం బస్సులో కూడా పంచాను. రోజూ నాతోపాటు వేలాడే ఆడవాళ్ళకీ, కండక్టరుగారికీ, డ్రైవరుకీ, సోమవారంనించి కారండీ, ఇదే ఆఖరు అని చెప్పి మరీ పంచాను. కండక్టరుగారు ఎవర్నో లేపి నాకు సీటిప్పించారు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి! అందరూ నన్ను సాగనంపుతున్నట్టు చూస్తుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి కూడా.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు ప్రయోగం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఎడంపక్క వెనక చక్రాన్ని జాకీతో లేపాం. రెండో చక్రం కదలకుండా ఇటుకలు అడ్డం పెట్టాం. ఇరుసు కింద చెక్కదిమ్మ. చక్రం మీద ఒక గుర్తు, కారు మధ్యలో పొడుగ్గా వెళ్ళే ఇనప గొట్టం ఉంటుంది చూడండి, దాని మీద ఒక గుర్తు. బయటనించి చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి, ఈలోగా లోపల ఆ గొట్టం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఆ లెక్కే రేషియో. ఒక చుట్టు కాకుండా రెండెందుకంటే, ఒక పక్క చక్రమే లేపాం కాబట్టి. మిగతాది అడక్కండి, ఇక్కడ బోర్డు లేదు.

గుర్తు పెట్టడానికి సుద్దముక్క తీశాను. గొట్టానికి జిడ్డు, సుద్ద అంటదే! టైరు కడిగిన తడి, దానికీ అంటలేదు. దేవుడి గదిలోంచి కుంకుమ తెచ్చి, నూనెచుక్కతో తడిపి, మా ఆయన చేత గొట్టానికొక బొట్టు పెట్టించి, టైరుకి ఒకటి నేను పెట్టాను. గుమ్మంలో కూర్చుని బెండకాయలు తరుగుతున్న మా అత్తయ్యగారు అది చూసి తృప్తిగా తలూపారు. కారు కొన్ననాటినించీ ఆవిడ ఒకటే గోల, పూజ చేయించండి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టండి అని. రిపేరయ్యాక చూద్దాం అని నేనే వాయిదా వేస్తున్నాను.

మా ఆయన గోనెపట్టా పరుచుకుని కారు కింద పడుకున్నారు. నేను చక్రం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చక్రం కింద నేలమీద ఒక ఇటుక నిలబెట్టాను. బొట్టు ఇటుక దగ్గరికి వచ్చిందంటే ఒక చుట్టు. చూపు ఇటుక మీదనించి తిప్పకూడదని నాకు నేనే రూలు పెట్టుకున్నాను. మెల్లగా తిప్పాను. ఒకటి, రెండు. కిందనించి మా ఆయన, అయిదు చుట్లూ ఇంకో అర చుట్టుకి కాస్త తక్కువా అన్నారు. నోటుబుక్కులో గళ్ళు గీసి అయిదు పాయింట్ నాలుగు అని రాశాను. రెండోసారి చేశాం. మళ్ళీ అదే. ఆయన పాకుతూ బయటికొచ్చి, చొక్కా దులుపుకుని, ఇక చాలు, ఫోన్ చేద్దాం అన్నారు. ఎలా చాలు? మూడు రీడింగులు తీసి సరాసరి కట్టందే ఫలితం రాయకూడదు. పిల్లలకి అలా రాయకపోతే రెండు మార్కులు కోసే మనిషిని నేను.

సరే, కాఫీ తాగి మూడోది చేద్దాం అని లోపలికి వెళ్ళాం. పది నిమిషాలు పట్టిందేమో. వచ్చి మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం. ఎండ కూడా వచ్చేసింది. తిప్పాను. బొట్టు ఇటుక దగ్గరికి వచ్చింది, ఒకటి. మళ్ళీ వచ్చింది, రెండు. చెయ్యి ఈసారి తొందరగానే అయిపోయిందే అని సంతోషించింది కానీ బుర్ర ఆలోచించలేదు. ఎంతండీ అన్నాను. రెండూ ముప్పావుకి కాస్త తక్కువా అన్నారు.

అదేంటి, అయిదున్నర దగ్గరున్నది రెండూ ముప్పావు ఎలా అవుతుంది? కునుకు తీశారా అన్నాను. ఆయన కిందనించే, తను చూసింది చెప్పానని, నీ చక్రం నీ లెక్క అని, వీపు కింద గులకరాయి ఉందని అన్నారు. మీరు కాఫీ తాగి పడుకుంటే నిద్ర రాక ఏమవుతుంది అన్నాను. అలా ఆదివారం పూట కారు పైనించి నేనూ కిందనించి ఆయనా కాసేపు మాటా మాటా అనుకున్నాం. పక్కింటివాళ్ళు మొక్కలకి నీళ్ళు పోస్తూ విన్నారు. మళ్ళీ చేద్దాం రండి అంటే ఆయన ఇక కారు కింద దూరనని తెగేసి చెప్పారు.

నేను నోటుబుక్కు చూశాను. అయిదు పాయింట్ నాలుగు, అయిదు పాయింట్ నాలుగు, రెండు పాయింట్ ఏడు. సరాసరి ఉన్నదే ఇలాంటి మనుషుల పొరపాట్లు సర్దడానికి కదా! మూడింటినీ కలిపాను. పదమూడున్నర. మూడుతో భాగించాను. నాలుగున్నర, చిల్లర కూడా మిగల్లేదు. ఎర్ర ఇంకుతో చుట్టూ డబ్బా గీశాను. మస్తాన్ గారికి ఫోన్ చేశాను.

నాలుగున్నరా అన్నారు ఆయన. బండి నడక చూస్తే నేను ఇంకోటేమో అనుకున్నానండి, గట్టిగానేనా అన్నారు. మూడుసార్లు తీసిన సరాసరి మస్తాన్ గారూ అన్నాను. అయితే సరేనండి, నాలుగున్నర రకం ఉంది, రేపల్లెలో ఇవాళే దొరుకుతుంది అన్నారు. చూశారా, అలాంటి రకం నిజంగానే ఉంది! ఫోన్ పెట్టేసి మా ఆయనకేసి నేను చూసిన చూపు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. మనిషి తప్పు చేసినా లెక్క తప్పు చెయ్యదండీ అని కూడా అన్నాను. ఆయన వెళ్ళి కారు షెడ్డులో అప్పగించి వచ్చారు.

సాయంత్రం అయిదింటికి షెడ్డుకి వెళ్ళాం, కారెక్కి రావడానికి. మస్తాన్ గారు నేలమీద గోనె పరిచి దానిమీద రెండు సెట్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచి స్టూలు వేశారు. ఆ మర్యాద చూస్తేనే నాకు అనుమానం వేసింది.

"కారులోంచి తీసింది పెద్దదానికి నలభై మూడు పళ్ళు, చిన్నదానికి ఎనిమిదండి. మీరు చెప్తే నేను తెచ్చింది నలభై ఒకటి, తొమ్మిది. ఇది అందులో కూర్చోదండి మేడంగారూ."

నలభై మూడుని ఎనిమిదితో భాగించాను. భాగించకపోతే బాగుండేది. అయిదు పాయింట్ నాలుగుకి వెంట్రుకవాసి తక్కువ. మా ఆయన వీపు గోక్కున్నారు అంతే.

మరి ఆ మూడోది ఏంటి? తల తిప్పితే గోడకి ఆనించిన మా చక్రం కనపడింది. దానికి ఈ చివరొక బొట్టు, ఆ చివరొక బొట్టు. రెండోదానికి కింద పసుపు కూడా ఉంది. మీరు పెట్టారా అన్నాను మస్తాన్ గారిని. మేమెందుకు పెడతామండీ అన్నారు ఆయన.

ఇంటికెళ్ళి అడిగితే అత్తయ్యగారు దాచలేదు.

"నేనే పెట్టానమ్మా, మీరు కాఫీ తాగుతుంటే. అంత పెద్ద చక్రానికి ఒక్క బొట్టేంటి, ఒంటిగా ఉందని ఎదురుగా ఇంకోటి పెట్టాను. పూజ మొదలుపెడుతున్నామని నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

అదీ సంగతి. రెండు బొట్లు ఇటుక దగ్గరికి వస్తే రెండు చుట్లనుకున్నాను, తిరిగింది ఒకటే. అందుకే సగం వచ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆవిడ పూజ ఆవిడ శ్రద్ధగానే చేశారు. అయిదు నాలుగు, అయిదు నాలుగు, రెండు ఏడు అని పదో తరగతి రికార్డులో కనపడితే మూడోది కొట్టేసి, మళ్ళీ చెయ్యి అని రాస్తాను కదా నేను! నా చేతిలో నోటుబుక్కుంటే మాత్రం సరాసరి తీశాను. పైగా కట్టుకున్నాయన్ని నిద్రపోయారన్నాను. రాత్రి ఆయన వీపుకి కొబ్బరినూనె నేనే రాశాను.

సరైన సెట్టు బాపట్లలో ఎవరో తెప్పిస్తారట, పది రోజులంటున్నారు. రేపల్లె ఆయన అమ్మిన సరుకు వెనక్కి తీసుకోడు. అది మా వరండాలో ఉంది, అత్తయ్యగారు దానికి కూడా పొద్దున్నే బొట్టు పెట్టారు. ఈసారి రెండు.

ఇక ఇవాళ బస్సు. వెనక డోరులోంచి ఎక్కి, కండక్టరుగారికి కనపడకుండా తలొంచుకుని నిలబడ్డాను. ఆయన చూడనే చూశారు. "ఏంటి మేడం, కారేదండీ?" అని బస్సంతా వినేలా అడిగారు. శనివారం పాలకోవా తిన్న మొహాలన్నీ నావైపు తిరిగాయి. రిపేరండి అన్నాను. పాపం, కొంచెం లోపలికి జరగండి అన్నారు. జరిగి, కడ్డీ పట్టుకుని, ఇంకేం తోచక లెక్కపెట్టాను. బస్సుకి సీట్లు యాభై, ఎక్కినవాళ్ళం ఎనభై. సరాసరి తీస్తే తలా అర సీటు పైనే వచ్చింది. నా వంతు అర సీటు కోసం పిట్టలవానిపాలెం దాకా వెతికాను, నిలబడే వెతికాను.